అమ్మోరు అడగని పొగ

సిమ్మాద్రిని ఎవరైనా ‘తలైవర్’ అని పిలిస్తే వెంటనే వెనక్కి తిరగడు. వినపడనట్టు నడుస్తాడు. రెండోసారి పిలిపించుకుని, చుట్టుపక్కల నలుగురి చెవిన పడిందని నమ్మకం కుదిరాక, అప్పుడు తీరిగ్గా తిరుగుతాడు. తలైవర్ అంటే తమిళంలో అధ్యక్షుడు. మలాయ్ దేశంలో బంటింగ్ అనే ఊరి నుంచి సముద్రం వైపు పోయే దారిలో, పాత ఎస్టేటు కూలీల ఇళ్ల లైన్ల చివర ఒక నూకాలమ్మ గుడి ఉంది. ఆ గుడికి ఆయన అధ్యక్షుడు. ఎన్నికలో నిలబడింది ఆయనొక్కడే. అయినా గెలిచినందుకు ఊరందరికీ మేకమాంసం పెట్టి విందు చేశాడు.

ఆయన్ని చూసి నవ్వడం తేలికే. నేనూ నవ్వాను. కానీ ఆయన వైపు నుంచి కూడా ఒక మాట చెప్పాలి. పోర్ట్ క్లాంగ్‌లో ఒక గిడ్డంగిలో ఫోర్క్‌లిఫ్ట్ తోలి రిటైరైన మనిషి ఆయన. అన్నేళ్ల ఉద్యోగంలో ‘ఇది అక్కడ పెట్టు, అది ఇక్కడికి తే’ అన్నవాళ్లే తప్ప ‘నువ్వేమంటావు సిమ్మాద్రీ’ అని అడిగిన నాథుడు లేడు. ఇంట్లో భార్య నూకమ్మా అడగలేదు. కూతురు రుబిని క్లాంగ్‌లో ఆఫీసు ఉద్యోగం చేసుకుంటూ అన్నీ ఫోన్‌నే అడుగుతుంది. అలాంటి మనిషిని అరవై దాటాక ఒక మైకు ముందు నిలబెట్టి, భుజాన శాలువా కప్పి, రెండు మాటలు చెప్పమంటే కళ్లు నెత్తికెక్కవా మరి?

ఆ గుడి కథ కూడా చెప్పుకోవాలి. సిమ్మాద్రి నాయనమ్మ విశాఖ వైపు నుంచి ఓడెక్కి వస్తూ పసుపు రాసిన చిన్న రాయిని కొంగున కట్టుకుని తెచ్చింది. ఆ రాయే నూకాలమ్మ. రబ్బరు చెట్ల కింద పెట్టి కొలిచారు. రబ్బరు పోయి పామాయిల్ తోట వచ్చింది. పామాయిల్ పోయి ఫ్యాక్టరీలు వచ్చాయి. కూలీలు టౌనుకి పోయారు, దొరలు వాళ్ల దేశం పోయారు, అమ్మోరు మాత్రం కూర్చున్నచోటే కూర్చుంది. ఆమె కింద ఉన్న జాగాకి కాగితం లేకపోవడమే చిక్కు. ఎప్పుడో ఒక దొర నోటిమాటగా ఇచ్చిన జాగా అది. కాగితం లేని గుడికి ఏ పొద్దున్నయినా నోటీసు అంటించవచ్చు, ఆ వెనకే బుల్డోజరూ రావచ్చు. తలైవర్ పదవిలో శాలువాలు ఎంత సుఖమో, ఈ భయం అంత నరకం. నాయనమ్మ సముద్రం దాటించిన దేవతని తన హయాంలో పోగొట్టుకున్నాడన్న పేరు రాకూడదని ఆయన రోజూ మొక్కుకునేవాడు, అదీ ఆ దేవతకే.

ఇక గుడి వెనక సంగతి. ఎస్టేటు రోజుల్లో అక్కడ రబ్బరు షీట్లకి పొగబెట్టి ఆరబెట్టే పెద్ద కొట్టం ఉండేది. దాన్ని లోగేశ్వరన్ అనే పెద్దమనిషి అద్దెకి తీసుకుని ప్లాస్టిక్ రీసైక్లింగ్ ఫ్యాక్టరీ పెట్టాడు. ఈయన్ని అందరూ ‘దాతో’ అంటారు. సుల్తాను ఇచ్చే ఆ బిరుదు ఆయనకింకా రాలేదు. ఎలాగూ వస్తుంది కదా అని జనం ముందు నుంచే అలవాటు చేసుకుంటున్నారు, ఆయనా అడ్డు చెప్పడం లేదు. ఫ్యాక్టరీ బోర్డు మీద పెద్ద పచ్చని ఆకు బొమ్మ వేయించాడు. చుట్టుపక్కల కనిపించే పచ్చటి ఆకు త్వరలో అదొక్కటే అయింది.

డబ్బున్న దేశాల వాళ్లు పెరుగు డబ్బాని శుభ్రంగా కడిగి, రంగురంగుల బుట్టల్లో వేరుచేసి, భూమికి మేలు చేశామన్న తృప్తితో నిద్రపోతారు. వాళ్లు నిద్రలేచేసరికి ఆ తృప్తి పోర్ట్ క్లాంగ్‌లో కంటైనర్ దిగి, లారీ ఎక్కి, బంటింగ్ వస్తుంది. అందులో కాస్త మంచి ప్లాస్టిక్‌ని లోగేశ్వరన్ మనుషులు కరిగించి గుళికలు చేస్తారు. ఎందుకూ పనికిరానిదాన్ని సాయంత్రం చీకటి పడబోయే వేళకి తగలబెడతారు. నూకమ్మ పెరట్లో చామకూర మళ్ల మధ్య ఎక్కడివో చీజు కవర్లు, కుక్కబిస్కెట్ల సంచులు మొలిచేవి. సిమ్మాద్రి వాటిని తిప్పి తిప్పి చూసి, ఏ దేశం కుక్క ఏం తింటుందో మోటార్‌సైకిలు మీద పోయేవాళ్లని ఆపి మరీ చెప్పేవాడు. ఆ కవర్లు తను ఉద్యోగంలో ఉండగా దింపిన కంటైనర్లలోవి కూడా కావచ్చని ఆయనకి తట్టలేదు.

పొగ గురించి ఆయనకి ఒక స్థిరమైన అభిప్రాయం ఉంది. ఈ తీరంలో ఎండలు ముదిరితే ఏటా సముద్రం అవతల తగలబడే అడవుల నుంచి పొగమబ్బు దిగుతుంది, బళ్లకి సెలవులిస్తారు, జనం మూతులకి గుడ్డ కట్టుకుంటారు. అందుకని ఆయన లెక్కలో పొగ ఎప్పుడూ పక్కవాళ్లదే. కానీ ఈ పొగకి ఎండావానా తేడా లేదు. నల్లగా లేచి, చిక్కగా గుడి మీద వాలి, అక్కణ్నుంచి లైన్ల ఇళ్లలోకి దూరేది. నూకమ్మకి దగ్గు పట్టుకుంది. మొదట రాత్రిళ్లు దగ్గేది. తర్వాత బిందె ఎత్తితే దగ్గేది. చివరికి మాట్లాడితే దగ్గేది. రుబిని పీల్చుకునే మందు కొనితెచ్చింది. తర్వాత ఎవరినీ అడక్కుండా ఫోన్‌లోనే పర్యావరణ ఆఫీసుకి ఫిర్యాదు పెట్టేసింది.

ఫిర్యాదు వెళ్లిన వారానికే లోగేశ్వరన్ పళ్ల తట్టతో గుడికి వచ్చాడు. తలైవర్‌కి తనే స్వయంగా శాలువా కప్పాడు. గుడి చూసి కళ్లు ఒత్తుకున్నాడు. ఇంత శక్తి ఉన్న తల్లికి నిత్యహోమం లేకపోవడం ఏమిటని బాధపడ్డాడు. మంత్రాలు చదివే అయ్యర్‌ని క్లాంగ్ నుంచి తనే రప్పిస్తానన్నాడు, ఖర్చంతా తనదే అన్నాడు. జాగా కాగితం సంగతి పెద్దవాళ్లతో మాట్లాడి ఇప్పించే పూచీ కూడా తీసుకున్నాడు. ఒక్కటే మాట, హోమం సాయంత్రం పూటే జరగాలి.

ఆ రాత్రి సిమ్మాద్రి శాలువా తీయకుండానే అన్నానికి కూర్చున్నాడు. సంగతంతా విని నూకమ్మ చెయ్యి ఆపింది.

“అమ్మోరికి హోమం ఏటయ్యా? మన అత్తలు సేసినారా, మామలు సేసినారా? సద్దికూడు పెడతాం, పసుపు నీల్లు పోస్తాం, యేపాకు కడతాం. ఆ తల్లికి సల్లదనం గావాల. పొగెందుకు?”

“నీకేటి తెలుసునే. పెద్ద గుళ్లన్నింట్లోనూ సేస్తన్నారు. కాగితం ఇప్పిస్తానన్నాడు లా,” అన్నాడు సిమ్మాద్రి, మాట చివర ఆ దేశపు ‘లా’ తగిలించి.

“కాగితం అమ్మోరికా, నీకా?” అని నూకమ్మ దగ్గింది. దగ్గు తగ్గేలోపు సిమ్మాద్రి చెయ్యి కడిగేసుకున్నాడు.

ఆమె అన్నదాంట్లో తప్పేమీ లేదు. ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన ఈ జనానికి అమ్మోరి పండగంటే చల్లబరచడమే. ఆడవాళ్లు తలమీద ఘటాలు ఎత్తుకుని ఊరు తిరిగి వచ్చి ఆ నీళ్లు అమ్మోరికి పోస్తారు. అక్కడ మంటకి చోటు లేదు. కానీ ఎస్టేటు గుడి అనిపించుకోవడం సిమ్మాద్రికి చిన్నతనంగా ఉండేది. తన నూకాలమ్మకి కూడా ఒక పదోన్నతి రావాలనుకున్నాడు. పదోన్నతి అంటే ఏమిటో ఆయనకి ఉద్యోగంలో తెలిసే అవకాశం రాలేదు, అదీ ఒక కారణం కావచ్చు.

హోమం మొదలైంది. అయ్యర్ కారు దిగి, పుస్తకం తిరగేసి, నూకాలమ్మ పేరు ఎక్కడా దొరక్క, దగ్గరి బంధువనిపించిన మరో అమ్మవారి మంత్రం చదివేశాడు. గుడి ముందు హోమగుండంలో మంట లేచే వేళకే గుడి వెనక లోగేశ్వరన్ మంటా లేచేది. ముందు పొగ, వెనక పొగ పైన కలిసిపోయి ఒకే మబ్బయ్యేవి. దారిన పోయేవాళ్లు దూరం నుంచే దణ్ణం పెట్టుకునేవారు. సగం దణ్ణం ఏ దేశం కుక్కబిస్కెట్ల సంచికి వెళ్లిందో వాళ్లకి తెలియదు.

పర్యావరణ ఆఫీసు నుంచి ఒక మలాయ్ అధికారిణి వచ్చింది. వయసులో చిన్న, మాటలో మర్యాద. ఆమె వచ్చే కబురు ఫ్యాక్టరీకి ముందే అందింది కాబట్టి వెనక మంట ఆరి ఉంది, ముందు హోమం మాత్రం కణకణలాడుతోంది. సాయంత్రాలు ఇక్కడ నల్లటి పొగ వస్తోందని ఫిర్యాదు వచ్చింది, ఎక్కణ్నుంచో మీకు తెలుసా అని ఆమె సిమ్మాద్రిని అడిగింది. అడిగి, ఆయన చెప్పబోయేది రికార్డు చేయడానికి ఫోన్ ముందుకు పట్టుకుంది.

ఒక అధికారి తన మాట కోసం ఫోన్ పట్టుకుని నిలబడటం సిమ్మాద్రి జీవితంలో అదే మొదటిసారి. శాలువా సర్దుకున్నాడు.

“అది మాదే పువాన్. మా హోమం పొగ,” అన్నాడు. పువాన్ అంటే మలాయ్‌లో అమ్మగారు.

“మొత్తమా?”

“మొత్తం మాదే. నెయ్యి ఎక్కువ పోస్తాం.”

“ప్లాస్టిక్ కాలిన వాసన అంటున్నారు.”

“కర్పూరం,” అన్నాడు సిమ్మాద్రి.

ఆమె ధన్యవాదాలు చెప్పి వెళ్లిపోయింది. ఆ వెంటనే లోగేశ్వరన్ ఇంకో శాలువా పంపించాడు. రాత్రి రుబిని ఇంటికొచ్చి సంగతి తెలిసి, అప్పుడప్పుడూ తప్ప నోటికి రాని తెలుగు కూడగట్టుకుంది. “అప్పా, అమ్మకి బ్రీతింగే వస్తలేదు. నువ్వు అది మన స్మోక్ అని సెప్పినావా? ఎందుకు లా అప్పా?”

“గుడి కోసం సెప్పినాను తల్లీ. కాగితం వొచ్చీవరకే,” అన్నాడాయన. గదిలోంచి దగ్గు వినిపిస్తూనే ఉంది. ఆ పిల్ల మందు తీసుకుని గదిలోకి వెళ్లింది.

ఆ తర్వాత లోగేశ్వరన్‌కి భయం పోయింది. ఇక్కడి పొగంతా దేవతదేనని రికార్డయిపోయాక దాక్కోవాల్సిన పనేముంది? చీకటి పడే దాకా ఆగకుండా పట్టపగలే కాల్చడం మొదలుపెట్టాడు. ఒక వర్తక సంఘం వాళ్లు ఆయన్ని హోటలుకి పిలిచి, పర్యావరణానికి చేసిన సేవకి గాను గాజు ఆకు బహూకరించారు. ఆ సభకి సిమ్మాద్రి కూడా వెళ్లి మూడో వరసలో కూర్చుని చప్పట్లు కొట్టాడు. తిరిగొచ్చేసరికి గుడి తలుపుకి నోటీసు అంటించి ఉంది.

అందులో ఉన్నదంతా సిమ్మాద్రి చెప్పిందే. అనుమతి లేని కట్టడం నుంచి ప్రజారోగ్యానికి హాని చేసే నల్లటి పొగ వస్తున్నదనీ, గుడి అధ్యక్షుడే స్వయంగా ఒప్పుకున్నాడనీ, ఫలానా రోజు తనిఖీకి వస్తామనీ, అప్పటికీ పొగ ఇలాగే ఉంటే కట్టడం తొలగిస్తామనీ రాశారు. సిమ్మాద్రి దాన్ని రెండుసార్లు చదివి మెట్టు మీద కూర్చుండిపోయాడు. లోపల రాయి, నాయనమ్మ రాసిన పసుపు మీద పసుపు పేరుకున్న రాయి, మసి పట్టి నల్లగా ఉంది. దాని మొహం చూడటానికి ఆయనకి సిగ్గేసింది. నిజంగానే సిగ్గేసింది, ఏడుపు వచ్చేంత.

లోగేశ్వరన్ దగ్గరికి పరుగెత్తాడు. ఆయన నోటీసు చదివి, చల్లని నీళ్లు తెప్పించి, సిమ్మాద్రి భుజం తట్టాడు.

“కంగారు పడకండి తలైవర్. తనిఖీ రోజు మీ పండగే కదా. పెద్ద హోమం పెట్టండి. మన భక్తి చూస్తే ఆవిడ మెత్తబడుతుంది. ఒకవేళ తీసెయ్యాల్సే వస్తే అమ్మోరికి నేను వేరే చోట జాగా చూపిస్తాను. లారీ కూడా నాదే. ఎలాగూ మాకు ఇక్కడ గోడౌను కట్టుకోవాలి.”

ఆ చివరి మాట ఆయన మామూలుగా, పళ్ల ధర చెప్పినట్టు చెప్పాడు. గుడి పోతేనే ఆయనకి లాభమని సిమ్మాద్రికి అప్పుడు అర్థమైంది. అర్థమయ్యాక కూడా అలవాటు కొద్దీ వంగి దణ్ణం పెట్టి బయటికి వచ్చాడు. ఇంటికొచ్చి మాత్రం నూకమ్మతో, “పెద్ద హోమం సెయ్యమన్నాడు,” అని అంతవరకే చెప్పాడు.

పండగ రోజు వచ్చింది. గుడి ముందు తోరణాలు, పందిరి, ‘ప్లాస్టిక్ లేని పండగ, దాతో లోగేశ్వరన్ సౌజన్యం’ అని ఒక బ్యానరు. బ్యానరు ప్లాస్టిక్‌దే. అయ్యర్ గుండం నిండా సమిధలు పేర్చాడు, నెయ్యి డబ్బాలు బారుగా పెట్టించాడు. లోగేశ్వరన్ ముందు వరసలో కుర్చీలో కూర్చున్నాడు. పక్కన అధికారిణి నిలబడి ఉంది, కుర్చీ ఇచ్చినా కూర్చోలేదు. ముందు పొగా వెనక పొగా యథాప్రకారం పైన కలుసుకున్నాయి.

ఘటాలు తిరిగి వస్తున్నాయి. అందరికన్నా ముందు నూకమ్మ. ఎత్తొద్దని డాక్టరు చెప్పాడు, రుబిని చెప్పింది. నాయనమ్మ తర్వాత అత్త, అత్త తర్వాత తను ఎత్తిన ఘటాన్ని ఇంకెవరి నెత్తినో పెట్టడానికి ఆమె ఒప్పుకోలేదు. డప్పు ముందు నడుస్తూ రెండు మూడు చోట్ల ఆగి ఊపిరి తీసుకుంది. గుడి ముందుకొచ్చేసరికి కళ్లు ఎర్రబడ్డాయి, ఒళ్లు ఊగుతోంది. అది పూనకమో, ఊపిరాడకో ఎవరికీ తెలియలేదు. ఇన్నేళ్లు కాపురం చేసిన సిమ్మాద్రికీ తెలియలేదు.

ఘటం దించి ఆమె గుడిలోకి వెళ్లాలి. వెళ్లలేదు. హోమగుండం ముందు ఆగి, పసుపు నీళ్లు మొత్తం అందులో కుమ్మరించింది.

గుండం బుస్సుమంది. అయ్యర్ వెనక్కి జరిగాడు. తెల్లటి ఆవిరి లేచి, కాసేపు అందరి మొహాలూ కమ్మేసి, తర్వాత పలచబడి పోయింది. వెనక వచ్చిన ఆడవాళ్లు ఒకరి తర్వాత ఒకరు ఇదే ఆచారం కాబోలు అనుకుని తమ ఘటాలు కూడా గుండంలోనే పోశారు. బూడిద నీళ్లలో సమిధలు తేలాయి.

“అమ్మోరికి సల్లగుండాల,” అంది నూకమ్మ. అని అక్కడే కూలబడింది. రుబిని పరుగెత్తుకొచ్చి మందు నోటికి పెట్టింది.

డప్పు ఆగింది. జనం గుండం వైపు చూసి, తర్వాత ఒక్కొక్కరే తలెత్తి పైకి చూశారు. గుడి వెనక నుంచి నల్లటి పొగ, ఇందాక ఎంత ఉందో అంతా, అలాగే లేస్తోంది.

అధికారిణి సిమ్మాద్రి దగ్గరికి వచ్చింది. “హోమం ఆరిపోయింది కదా ఎన్చిక్, ఆ పొగ ఎవరిది?” అని, అయ్యా అన్నంత మర్యాదగానే అడిగి, ఫోన్ ముందుకు పట్టింది.

లోగేశ్వరన్ కుర్చీలోంచి ఆయన వైపు చూసి ఆప్యాయంగా తల ఊపాడు. జాగా కాగితం ఆ తల ఊపులో ఉంది. సిమ్మాద్రి రుబిని ఒళ్లో ఉన్న భార్య తలని చూశాడు. ఆమె ఛాతీ పడిలేస్తున్న తీరు చూశాడు. శాలువాని భుజం మీంచి తీసి ఏం చేయాలో తెలియక చేతిలో ఉండలా పట్టుకున్నాడు.

“మాది కాదు పువాన్. ఎప్పుడూ మాది కాదు. వెనక ప్లాస్టిక్ కాలస్తన్నారు.”

“అప్పుడు మొత్తం మాదే అన్నది కూడా మీరే కదా. నేను ఏ మాట నమ్మాలి?”

ఆమె వెటకారంగా అడగలేదు, తెలుసుకోవడానికే అడిగింది. బతుకంతా ఎవరూ అడగని మాట, అడిగిన మొదటిసారే అబద్ధానికి ఖర్చుపెట్టేశాడు. ఇప్పుడు నిజం చెప్పడానికి మిగిలిన మాటకి విలువ లేదు.

“నా మాట నమ్మకండి,” అన్నాడు. “నేను అబద్ధం ఆడినాను. మీరు ఎనక్కెల్లి సూడండి. సూసి, మా యింటిది ఎలా దగ్గతందో ఇనండి.”

ఆమె ఫోన్ దించి, గుడి పక్క సందులోంచి వెనక్కి నడిచింది. లోగేశ్వరన్‌కి ఎక్కణ్నుంచో ఫోన్ వచ్చినట్టుంది, చెవికి పెట్టుకుని కారెక్కి వెళ్లిపోయాడు.

ఫ్యాక్టరీకి సీలు వేశారు. కొన్నాళ్లకి నూకమ్మ దగ్గు బిందె ఎత్తినప్పటి దాకా వెనక్కి తగ్గింది, పూర్తిగా పోలేదు, పోదని డాక్టరు చెప్పాడు. పొగ నోటీసు తీసేశారు. జాగా కాగితం మాత్రం రాలేదు. దానికోసం సిమ్మాద్రి ఇప్పటికీ బస్సెక్కి ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నాడు. తలైవర్ పదవి ఇంకా ఆయనదే, పోటీకి ఎవరూ రాలేదు. ఎవరన్నా ‘తలైవర్’ అంటే ఇప్పుడు మొదటిసారికే తిరుగుతున్నాడు. శాలువాలని నూకమ్మ చామకూర మళ్లకి ఎండ తగలకుండా కట్టింది.

మొన్న ఒక ఆదివారం రుబిని ఫోన్‌లో ఒక ఫోటో చూపించింది. ఇంకో ఊరు, ఇంకో ఎస్టేటు గుడి, కొత్త హోమగుండం. శాలువా కప్పుకుని ఒక ముసలాయన కళ్లు మూసుకున్నాడు, పక్కన లోగేశ్వరన్ చేతులు జోడించి ఉన్నాడు. వెనక రేకుల షెడ్డు మీద పచ్చని ఆకు బొమ్మ. ఆ గుడి అధ్యక్షుడి పేరు మునియాండి అని కింద రాసి ఉంది.

సిమ్మాద్రి ఆ ఫోటో చాలాసేపు చూశాడు. ఆయన నంబరు కనుక్కోమని కూతుర్ని అడిగి, తనే ఫోన్ చేశాడు. తమిళంలో తన పేరు చెప్పి, ఊరు చెప్పి, జరిగిందంతా దాచకుండా చెప్పాడు. తను చెప్పిన అబద్ధం కూడా చెప్పాడు. హోమం ఆపించండి, ఆ పొగ మీది కాదని ఈరోజే ఎవరికైనా చెప్పండి అన్నాడు.

అవతల మునియాండి ఓపిగ్గా విన్నాడు. విని, జాలిగా అన్నాడు.

“మీకేదో పొరపాటు జరిగుంటుంది అన్నా. దాతో చాలా మంచివారు. మాకు గుడి జాగా కాగితం ఇప్పిస్తానన్నారు.”

సిమ్మాద్రి ఇంకా ఏదో చెప్పబోయాడు. అవతల నుంచి దగ్గు వినిపించింది. మునియాండి ఫోన్ పక్కకి పెట్టి, లోపలున్న ఎవరినో కేకేసి మందు తెమ్మన్నాడు.